పాత జీపుకి ముందు డిస్కులు వేశాం. బూస్టర్ పెట్టాలా, మామూలు బ్రేకే ఉంచాలా?

కొండదారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. బండి పాత మహీంద్రా జీపు, డీజిల్, ఫోర్ వీల్. తిరిగేది ఎక్కువగా పాడేరు ఘాట్ పైన ఊళ్ల మట్టిదారుల్లో, వాగుల్లో. అప్పుడప్పుడూ మారేడుమిల్లి వైపు రాళ్ల దారులు. బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి 1500 కేజీల దాకా తూగుతుంది. 6.00-16 టైర్లు తీసేసి 31 అంగుళాలవి వేశాం. ముందు డ్రమ్ములు తీయించి డిస్కులు పెట్టించాం, వెనక డ్రమ్ములే. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని చక్రాలకి నెట్టేది) మాత్రం పాతదే, ఫ్లోరు కింద ఛాసిస్‌కి బిగించి ఉండే సింగిల్ సిలిండర్, బోరు (లోపలి వ్యాసం) అంగుళం. బూస్టర్ (వాక్యూమ్ సాయంతో కాలి బలాన్ని పెంచే డబ్బా) లేదు.

ఇప్పుడు ఇబ్బందులు రెండు. పెడల్ రాయిలా ఉంది, ఎంత తొక్కినా బండి ఆగాల్సినంత ఆగట్లేదు. రెండోది, ఐదారు కిలోమీటర్లు పోయాక ముందు చక్రాల దగ్గర కాలిన వాసన. జాకీ పెట్టి లేపితే చక్రం చేత్తో తిరగడం లేదు.

ఒక మెకానిక్ "బూస్టర్ పెట్టేయండి సార్, రెండూ పోతాయి" అంటున్నారు. ఇంకొకాయన "కొండ మీద ఇంజన్ ఆగిందంటే బూస్టర్ చేతులెత్తేస్తుంది, దాని జోలికి పోవద్దు" అంటున్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే. లెక్కతో చెప్పగలిగేవాళ్లు చెప్పండి.

---

లేతు మాస్టారు

ముందు ఆ రెండు ఇబ్బందుల్నీ విడదీయండి. పెడల్ గట్టిగా ఉండటానికి, చక్రం పట్టేయడానికి సంబంధం లేదు. చక్రం పట్టేసే సంగతి తేలకుండా బూస్టర్ పెడితే అదే తప్పు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

డ్రమ్ము బ్రేకుల కోసం చేసిన పాత మాస్టర్ సిలిండర్ లోపల, స్ప్రింగు చివర, ఒక చిన్న చెక్ వాల్వు ఉంటుంది. కాలు తీసేశాక కూడా పైపుల్లో సుమారు 0.7 కేజీ/చ.సెం.మీ. ఒత్తిడి నిలిపి ఉంచడం దాని పని. డ్రమ్ముకి అది మేలే. వీల్ సిలిండర్ కప్పుల పెదవులు గోడకి ఆనుకుని ఉంటాయి, గాలి లోపలికి రాదు, షూలను వెనక్కి లాగే స్ప్రింగులు ఆ కాస్త ఒత్తిడిని లెక్కచేయవు. డిస్కు కాలిపర్‌లో (ప్యాడ్లతో డిస్కుని నొక్కే బిగింపు) అలా లాగే స్ప్రింగు లేదు. 54 ఎం.ఎం. పిస్టన్ అయితే వైశాల్యం 22.9 చ.సెం.మీ. 0.7 తో గుణిస్తే 16 కేజీలు. మీరు కాలు తీసినా ఆ 16 కేజీలతో ప్యాడ్లు డిస్కుని నొక్కుతూనే ఉంటాయి. ఆ వాసన అదే కావచ్చు.

ఖాయం చేసుకోవడానికి పరీక్ష ఉంది. బండి కొంచెం తిప్పి, చక్రం పట్టేసి ఉండగా జాకీ మీద లేపండి. మొదట మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు నట్టు పావు తిప్పు వదులు చేయండి. చక్రం వెంటనే వదిలిందంటే తప్పు మాస్టర్‌లోనే ఉంది. అంటే ఆ చెక్ వాల్వు, లేదా పుష్ రాడ్ (పెడల్ నుంచి మాస్టర్ పిస్టన్‌ని నెట్టే రాడ్డు) ఆడటానికి సందు లేకపోవడం. వదలకపోతే నట్టు బిగించి కాలిపర్ నిప్పుల్ (గాలి తీసే మర) తెరవండి. ఇప్పుడు వదిలితే రబ్బరు హోసు లోపల ఉబ్బిపోయింది, పైకి బాగానే కనిపిస్తుంది, మార్చేయాలి. అప్పటికీ వదలకపోతే కాలిపర్ పిస్టనో స్లయిడ్ పిన్నులో తుప్పు పట్టాయి.

పుష్ రాడ్ సంగతి కూడా చూడండి. పెడల్ వదిలేసినప్పుడు రాడ్డుకి, పిస్టన్‌కి మధ్య మిల్లీమీటరు దాకా సందు ఉండాలి. సందు లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, రిజర్వాయరుకి (ఆయిల్ డబ్బా) దారి ఇచ్చే సూదిమొన రంధ్రం మూసుకుని ఉంటుంది. వేడికి వ్యాకోచించిన ఆయిల్‌కి పోయే దారి ఉండదు. చల్లగా ఉన్నప్పుడు బండి బాగుంటుంది, వేడెక్కేకొద్దీ పట్టేస్తుంది. మీరు చెప్పిన ఐదారు కిలోమీటర్ల లక్షణం దీనికీ సరిపోతుంది.

---

ఘాట్ డీజిల్

మాస్టారు చెప్పింది ముందు చేసేయండి అన్నా. ఇక అసలు ప్రశ్నకి.

డ్రమ్ములో ముందు షూ చక్రం తిరుగుడుకి తనంతట తానే లోపలికి గుంజుకుంటుంది. మీ కాలికి అది సగం పని చేసి పెడుతుంది. అందుకే నాలుగూ డ్రమ్ములున్న తేలికైన జీపు బూస్టర్ లేకుండా ఇన్నేళ్లు నడిచింది. డిస్కుకి ఆ గుణం లేదు. నొక్కినంతే పట్టుకుంటుంది. మీరు డిస్కు వేసి ఆ సాయం పోగొట్టుకున్నారు. పాత మాస్టరే ఉంచారు కాబట్టి ఒత్తిడి పెరగలేదు. పైగా టైరు ఎత్తు 28.5 అంగుళాల నుంచి 31 కి పెరిగింది, దానికే నేల దగ్గర పట్టు 8 శాతం తగ్గుతుంది.

మామూలు బ్రేకుకి పెడల్ నిష్పత్తి 6 ఉందనుకుందాం. అంటే పివట్ నుంచి కాలు పెట్టే చోటుకి 300 ఎం.ఎం., పుష్ రాడ్‌కి 50 ఎం.ఎం. కాలితో 35 కేజీలు తొక్కితే (గట్టి తొక్కుడే, అయినా ఎవరైనా తొక్కగలరు) రాడ్డు మీద 210 కేజీలు. ఆ బలం ఏ బోరు మీద పడుతుందనేదే అసలు విషయం. అంగుళం బోరు వైశాల్యం 5.07 చ.సెం.మీ., ఒత్తిడి చ.సెం.మీ.కి 41 కేజీలు. 7/8 అంగుళం బోరైతే 54. 13/16 అయితే 63. 3/4 అయితే 74. బోరు చిన్నదైతే ఒత్తిడి పెరుగుతుంది. చాలామంది తలకిందులుగా అనుకుని "పెద్ద మాస్టర్ వేయించండి" అంటారు. పెడల్ ఇంకా రాయి అవుతుంది.

మీ 1500 కేజీల బండి పొడి తారు రోడ్డు మీద గట్టిగా ఆగాలంటే ముందు రెండు చక్రాల దగ్గరా కలిపి 680 కేజీల దాకా పట్టు కావాలి. 54 ఎం.ఎం. పిస్టన్, 110 ఎం.ఎం. డిస్కు వ్యాసార్ధం, 31 టైరు, ప్యాడ్ రాపిడి 0.38 లెక్కన ఇప్పుడున్న అంగుళం బోరుతో వచ్చేది దాదాపు 400. 7/8 తో 525. 13/16 తో 610. మట్టిలో, రాళ్లలో నెమ్మదిగా పోయేటప్పుడు టైరే అంత పట్టు ఇవ్వదు కాబట్టి 400 చాలు. కష్టం ఘాట్ దిగి తారు రోడ్డెక్కాకే.

ఇప్పుడు ఇంజన్ ఆగిపోయే సంగతి. బూస్టర్ ఉన్న బండి విడిభాగాలు తెచ్చి యథాతథంగా బిగిస్తే పెడల్ నిష్పత్తి 4, బోరు అంగుళం ఉంటాయి. బూస్టర్ పనిచేసినంతసేపూ 35 కేజీలకి ఒత్తిడి 70 దాటుతుంది, హాయిగా ఉంటుంది. వాక్యూమ్ అయిపోయిన క్షణం 35 ఇంటూ 4, 140 కేజీలు, 5.07 తో భాగిస్తే 28. మామూలు 7/8 సెటప్‌లో సగం. నిటారు ఎక్కుడులో బండి ఆగి వెనక్కి జారుతున్నప్పుడు చేతిలో ఉండేది ఆ సగమే. "బూస్టర్ చేతులెత్తేస్తుంది" అన్నాయన చెప్పేది ఇదే, తప్పు లేదు.

ఇంకోటి. ఎక్కుడు మీద వెనక్కి జారేటప్పుడు బరువంతా వెనక చక్రాల మీదే ఉంటుంది, ముందు తేలిపోతుంది. అప్పుడు బండిని పట్టేది మీ కొత్త డిస్కులు కాదు, వెనక డ్రమ్ములు. వాటి షూలు సర్దకుండా, బురద కడగకుండా వదిలేసి ముందు మీద ఎంత ఖర్చు పెట్టినా అక్కడ అక్కరకు రాదు. ముందు చక్రాలకి రెండు వీల్ సిలిండర్లు, రెండూ లీడింగ్ షూలే (తిరుగుడుకి లోపలికి గుంజుకునేవి) ఉన్న డ్రమ్ములున్న బండ్లయితే వెనక్కి జారేటప్పుడు రెండూ ట్రెయిలింగ్ (అలా గుంజుకోనివి) అయిపోతాయి, పట్టు బాగా పడిపోతుంది. ఈ ఒక్క విషయంలో డిస్కు నయం. ఎటు తిరిగినా ఒకేలా పట్టుకుంటుంది.

నా మాట: ఇప్పుడున్న పెడల్ అలాగే ఉంచి, చిన్న బోరు టాండెం (లోపల రెండు రూములుండే) మాస్టర్ వేసుకోండి. బూస్టర్ వద్దు.

---

స్పానర్ 14

ఘాట్ డీజిల్ గారి లెక్క సరైనదే గానీ, అది బూస్టర్‌ని తప్పుగా పెట్టినప్పటి లెక్క. పాత బండి నుంచి పెడల్, బూస్టర్, మాస్టర్ మూడూ ఊడదీసి తెచ్చి బిగిస్తే 28 వస్తుంది. ఆలోచించి పెడితే రాదు.

పెడల్ ఆర్మ్ మీద పుష్ రాడ్ రంధ్రం మార్చి నిష్పత్తి 5 చేయండి. మాస్టర్ 15/16 అంగుళం తీసుకోండి, వైశాల్యం 4.45. బూస్టర్ 8 అంగుళాలది కాకుండా 7 అంగుళాలది చాలు. వాక్యూమ్ 0.75 కేజీ/చ.సెం.మీ. ఉంటే 7 అంగుళాల బూస్టర్ 170 కేజీల సాయం ఇస్తుంది. 35 కేజీల కాలితో 175, దానికి ఈ 170 కలిపితే ఒత్తిడి దాదాపు 78. బూస్టర్ చచ్చినా 39. మీ బండికి ఇప్పుడున్న 41 కి దగ్గర్లోనే. అంటే ఇంజన్ ఆగినప్పుడు ఈరోజు మీకున్న బ్రేకే ఉంటుంది, మిగతా వేళల్లో దాదాపు రెండింతలు.

పెద్ద బూస్టర్ ఎందుకు వద్దంటున్నానంటే, రాళ్ల మీద అంగుళం అంగుళం దించేటప్పుడు అది కాలు ఆనిస్తే చాలు గుంజుకుంటుంది. చక్రం టక్కున ఆగి జారుతుంది. మామూలు బ్రేకులో ఎంత తొక్కితే అంతే, అదే దాని గొప్ప.

డీజిల్ ఇంజన్‌కి పెట్రోలు ఇంజన్‌లాగా మానిఫోల్డులో వాక్యూమ్ ఉండదు, గాలిని అడ్డగించే త్రాటిల్ లేదు కదా. వేరే పంపు కావాలి. సాధారణంగా ఆల్టర్నేటర్ వెనక బిగించి ఉంటుంది, దానితోపాటే తిరుగుతుంది, ఇంజన్ ఆయిలే దానికి కందెన. మీ ఆల్టర్నేటర్ వెనక ఆయిల్ పైపులు రెండు, పెద్ద రబ్బరు గొట్టం ఒకటి కనిపిస్తే పంపు ఉన్నట్టు. లేకపోతే పంపు ఉన్న ఆల్టర్నేటర్ తెచ్చి, దానికి ఆయిల్ వెళ్లే పైపు, తిరిగి సంపులోకి వచ్చే లావు పైపు అమర్చాలి. తిరుగు పైపు సన్నగా పెట్టినా, మధ్యలో వంగినా ఆయిల్ పంపులోనే నిలిచిపోయి వాక్యూమ్ గొట్టంలోకి పోతుంది. అక్కణ్ణుంచి బూస్టర్‌లోకి చేరి డయాఫ్రమ్ రబ్బరుని ఉబ్బిస్తుంది. గొట్టం ఊడదీసి వేలు పెడితే నల్లగా ఆయిల్ అంటుకుందంటే జబ్బు మొదలైనట్టే.

గొట్టం బ్రేకు వాక్యూమ్‌కి చేసిందే వాడండి. డీజిల్ పైపు వేస్తే వేడికి మెత్తబడి లోపలికి నొక్కుకుపోతుంది, పెడల్ ఒకసారి మెత్తగా, ఒకసారి గట్టిగా వస్తుంది, ఎక్కడ వెతికినా కారణం దొరకదు. చెక్ వాల్వు మీద బాణం పంపు వైపు చూడాలి.

కొండల్లో తిరిగే బండికి నాలుగైదు లీటర్ల ఇనుప వాక్యూమ్ టాంకు తప్పకుండా పెట్టమంటాను. పంపుకీ టాంకుకీ మధ్య చెక్ వాల్వు. బూస్టర్ ఒక్కటే ఉంటే ఇంజన్ ఆగాక ఒకటి రెండు తొక్కుళ్లకి సాయం ఉంటుంది, టాంకుతో ఇంకో మూడు నాలుగు వస్తాయి. ప్లాస్టిక్ డబ్బా పెట్టొద్దు, నొక్కుకుపోతుంది.

బూస్టర్ పుష్ రాడ్‌కి, మాస్టర్ పిస్టన్‌కి మధ్య 0.5 నుంచి 1 ఎం.ఎం. సందు. మాస్టారు చెప్పిన రంధ్రం సంగతే ఇక్కడా. డెప్త్ గేజ్‌తో రెండు వైపులా కొలిచి తీసివేయండి, కంటితో అంచనా వేయొద్దు. ఎంత సందు ఉందో అంచనా రాకపోతే పిస్టన్ గుంతలో చిన్న బంకమట్టి ముద్ద పెట్టి మాస్టర్ బిగించి ఊడదీయండి, ముద్ద ఎంత మందంగా మిగిలిందో అదే సందు.

---

డాలస్ పికప్

ఇక్కడ అమెరికాలో పెద్ద డీజిల్ పికప్‌లలో ఈ వాక్యూమ్ గొడవ తప్పించుకోవడానికి పవర్ స్టీరింగ్ పంపు ఒత్తిడితో నడిచే హైడ్రో బూస్టర్ వాడతారు. చిన్నగా ఉంటుంది, బలం చాలా ఎక్కువ, ఇంజన్ ఆగితే వాడుకోవడానికి అక్యుములేటర్‌లో కొంచెం ఒత్తిడి దాచి ఉంచుతుంది. అయితే అది ఎక్కువగా బరువైన బండ్లకి, పెద్ద టైర్లకి. పవర్ స్టీరింగే లేని 1500 కేజీల జీపుకి దాని గురించి ఆలోచించక్కర్లేదు. ఎవరైనా అడిగితే చెప్పడానికని రాశాను.

---

కొండదారి

ఇద్దరికీ, మాస్టారికీ చాలా థాంక్స్. మాస్టారు చెప్పిన పరీక్ష చేశాం. మాస్టర్ దగ్గర నట్టు వదులు చేయగానే రెండు చక్రాలూ వదిలేశాయి. పుష్ రాడ్ సందు సరిగ్గానే ఉంది. కాబట్టి చెక్ వాల్వే.

కొలతలు: పెడల్ పివట్ నుంచి కాలు పెట్టే చోటుకి 300, రాడ్డుకి 50. నిష్పత్తి 6. కాలిపర్ పిస్టన్ వర్నియర్‌తో 54. వెనక వీల్ సిలిండర్ 19. ఆల్టర్నేటర్ వెనక పంపు లేదు. పెడల్ ఫ్లోరులోంచి వచ్చేదే, పైనుంచి వేలాడేది కాదు. టైరు ఇకమీద పెంచే ఉద్దేశం లేదు. బండి నడిపేది ఇంట్లో ఇద్దరు మగవాళ్లం.

బోరు చిన్నదైతే ఒత్తిడి ఎక్కువ అన్నారు కదా, మరి 3/4 నే వేసేస్తే పోదా?

---

లేతు మాస్టారు

3/4 వద్దు. ఒత్తిడి పెరిగితే ఆయిల్ పరిమాణం తగ్గుతుంది, ఆ లోటు పెడల్ ప్రయాణంలో తీర్చుకుంటుంది. ముందు రెండు 54 పిస్టన్లు అర మిల్లీమీటరు కదలాలంటే 2.3 సి.సి. కావాలి. వెనక నాలుగు 19 పిస్టన్లు మిల్లీమీటరు చొప్పున కదిలితే 1.1 సి.సి. 3/4 బోరుతో ఈ రెండింటికే పెడల్ 72 ఎం.ఎం. దిగుతుంది. 13/16 తో 61, 7/8 తో 53. ఇది షూలు సరిగ్గా సర్ది ఉన్నప్పటి మాట. బురద షూల మీది లైనర్లని తినేసి వెనక సందు రెండు మిల్లీమీటర్లయితే 3/4 పెడల్ 96 దిగుతుంది, దానికి హోసుల ఉబ్బు, పెడల్ ఖాళీ ఆట కలిపితే ఫ్లోరుకి తగిలే దారిలో ఉంటుంది.

మీ కొలతలు చూశాక నా తీర్పు ఘాట్ డీజిల్ వైపే. బూస్టర్ చెడ్డదని కాదు. మీకు పంపు లేదు, పెడల్ కింద నుంచి వస్తుంది. బూస్టర్ పెట్టాలంటే ఫైర్‌వాల్ (ఇంజన్‌కి, క్యాబిన్‌కి మధ్య రేకు) కోసి, వేలాడే పెడల్ బాక్సు పెట్టి, ఆ పల్చటి రేకు వంగకుండా వెనక 3 ఎం.ఎం. ప్లేటు వెల్డింగ్ చేయించాలి. రేకు కొంచెం ఊగినా ఎంత గాలి తీసినా పెడల్ మెత్తగానే ఉంటుంది. ఫ్లోరు కింద బూస్టర్ పెట్టడం మీరు దాటే వాగులకి అస్సలు పనికిరాదు, దాని ఊపిరి రంధ్రంలోంచి నీళ్లు పీల్చుకుంటుంది. ఇంత పని 610 కేజీల పట్టుని 680 చేయడానికి. అదే 680 మీ కాలు 35 బదులు 39 కేజీలు తొక్కితే 13/16 తోనే వస్తుంది.

కాబట్టి 13/16 బోరు టాండెం మాస్టర్, రిజర్వాయరు విడిగా ఉండి గొట్టాలతో కలిపే రకం. కొనేముందు మూడు చూడండి. లోపల డ్రమ్ము చెక్ వాల్వు లేనిది కావాలి. రెండు రూములకి వేరే వేరే అవుట్‌లెట్ ఉండాలి, ముందు చక్రాలకి ఒకటి, వెనకకి ఒకటి. ఒక లైను పగిలినా రెండోది పట్టుకోవాలి, సింగిల్ సిలిండర్‌తో ఆ భరోసా లేదు. పుష్ రాడ్ గుంత లోతైనది కావాలి, బూస్టర్ బండి మాస్టర్లలో గుంత లోతు తక్కువ. దానికి మీ పొడవాటి రాడ్డు పెడితే పెడల్ వంకర తొక్కినప్పుడు జారి బయటికి వచ్చేస్తుంది. అలాంటిదే దొరికితే రాడ్డుని పట్టి ఉంచే వాషర్, సర్‌క్లిప్ లేతు మీద చేయించి పెట్టాలి.

రిజర్వాయరు ఫైర్‌వాల్ మీద బానెట్ కిందికి తెచ్చేయండి, బ్రేకు ఆయిల్‌కి పనికొచ్చే రబ్బరు గొట్టాలతో. దీనితో రెండు లాభాలు. వాగులో మూత మునగదు. ఆయిల్ మట్టం కాలిపర్ల కంటే పైన ఉంటుంది కాబట్టి ఆయిల్ వెనక్కి జారే పని ఉండదు. మాస్టర్ కిందే ఉండి రిజర్వాయరు కూడా దాని మీదే ఉంటే, ముందు లైనులో 0.14 కేజీల రెసిడ్యువల్ వాల్వు (కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచే చెక్ వాల్వు) పెట్టాల్సి వచ్చేది. వెనక డ్రమ్ము లైనుకి మాత్రం 0.7 ది ఒకటి విడిగా పెట్టండి.

పైపు 4.75 ఎం.ఎం. ఉక్కుది, చివర డబుల్ ఫ్లేర్. పాత జీపు నట్లు 3/8 అంగుళం 24 పళ్లవి, కొత్త మాస్టర్లలో చాలావాటికి ఎం.10 ఒకటి పిచ్. ఈ రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. 3/8 నట్టు ఎం.10 రంధ్రంలోకి వదులుగా ఎక్కేస్తుంది, బిగిసినట్టే అనిపిస్తుంది, గట్టిగా తొక్కిన రోజు పళ్లు తెగి ఊడొస్తుంది. మాస్టర్ కొన్న దగ్గరే దాని నట్లు కొనండి. పాత నట్టు "సరిపోయింది" అని ఎవరన్నా నమ్మొద్దు.

వెనక లైనులో ప్రపోర్షనింగ్ వాల్వు (వెనక ఒత్తిడి తగ్గించేది) ఇప్పుడే పెట్టకండి. ఖాళీ బండితో తారు మీద గట్టిగా తొక్కినప్పుడు వెనక ముందుగా లాక్ అయి తోక తిరిగితేనే పెట్టాలి. అనవసరంగా వెనక ఒత్తిడి కోస్తే ఎక్కుడు మీద పట్టేదాన్నే కోసినట్టు.

---

స్పానర్ 14

పంపు లేని, కింద పెడల్ బండి అని ముందే తెలిస్తే నేనూ ఇదే చెప్పేవాణ్ణి. మాస్టారి జాబితాకి గాలి తీసే పద్ధతి ఒక్కటి కలుపుతాను.

మాస్టర్‌ని బండికి బిగించకముందే వైస్‌లో పెట్టి, రెండు అవుట్‌లెట్లకీ పారదర్శక గొట్టాలు తగిలించి, వాటి చివరలు ఆయిల్‌లో ముంచి, బుడగలు ఆగేదాకా పిస్టన్‌ని మెల్లగా నొక్కండి. ఇది చేయకపోతే టాండెం మాస్టర్‌లో ముందు రూములో గాలి ఇరుక్కుంటుంది, తర్వాత చక్రాల దగ్గర లీటరు ఆయిల్ పోసినా రాదు. మన బండ్లలో మాస్టర్ కుడివైపు కాబట్టి దూరం నుంచి దగ్గరికి, వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. కాలిపర్ నిప్పుల్ పైకి చూసేలా ఉందో లేదో చూడండి. ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి బిగిస్తే నిప్పుల్ కిందికి పోతుంది, గాలి పైనే ఉండిపోతుంది. డిస్కు మార్చేవాళ్లు చేసే తప్పుల్లో ఇది తరచూ కనిపిస్తుంది.

ఆయిల్ డాట్ 4. కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 కి పడిపోతుంది. వాగులు దాటే బండికి ఏటా వానాకాలం వెళ్లాక మార్చేయండి. డాట్ 5 అని సిలికాన్‌ది దొరుకుతుంది, దాన్ని ఇందులో కలపకూడదు.

---

ఘాట్ డీజిల్

ఘాట్ దిగేటప్పుడు పెడల్ ఏం చెబుతోందో తెలుసుకోండి. పెడల్ గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగట్లేదంటే ప్యాడ్లు, లైనర్లు కాలిపోతున్నాయి. పెడల్ స్పాంజిలా మెత్తబడి కిందికి దిగుతోందంటే ఆయిల్ మరిగి ఆవిరి పడింది. మొదటిదానికి బండి ఆపి చల్లారనిస్తే చాలు, రెండోదానికి చల్లారాక కూడా ఆయిల్ మార్చి గాలి తీయాలి. మామూలు బ్రేకు ఈ మార్పుని కాలికి వెంటనే చెబుతుంది, బూస్టర్ కాసేపు దాచిపెడుతుంది. ఎక్కిన గేరులోనే దిగండి. పాడేరు ఘాట్ మలుపుల్లో బ్రేకు మీద కాలు ఆనించి ఉంచితే సగం దిగేసరికి వాసన వస్తుంది.

ఎక్కుడు మీద ఇంజన్ ఆగితే: పెడల్ నొక్కి పట్టండి, పంపు చేయొద్దు. హ్యాండ్ బ్రేకు వేయండి. మీ జీపుకి ట్రాన్స్‌ఫర్ కేసు (ఫోర్ వీల్ గేర్ల పెట్టె) వెనక, షాఫ్ట్ మీద డ్రమ్ము ఉండే రకం హ్యాండ్ బ్రేకు అయితే ఫోర్ వీల్ వేసి ఉన్నప్పుడు అది నాలుగు చక్రాలనీ పట్టుకుంటుంది. టూ వీల్‌లో ఉండి వెనక ఒక చక్రం గాల్లో ఉంటే డిఫరెన్షియల్ తిరిగిపోతుంది, బండి జారుతుంది. కాబట్టి ఎక్కకముందే ఫోర్ వీల్ "లో" (తక్కువ వేగం) గేరు వేయండి. తర్వాత క్లచ్ తొక్కి రివర్స్ వేసి, క్లచ్ పూర్తిగా వదిలేయండి. హ్యాండ్ బ్రేకు తీసి, బ్రేకు మీద కాలు మెల్లగా సడలిస్తూ తాళం తిప్పండి. సెల్ఫు మోటారే బండిని కదిలించి ఇంజన్‌ని లేపుతుంది, ఇంజన్ పట్టు మీద తిన్నగా వెనక్కి దిగుతారు. న్యూట్రల్‌లోకి గానీ, క్లచ్ తొక్కి గానీ జారనివ్వొద్దు.

---

కొండదారి

అర్థమైంది. 13/16 టాండెం చెప్పేశాం, నట్లు దానితోపాటే ఇమ్మన్నాం. హోసుల గురించి ఒక్క మాట చెప్పండి, పట్టీలు (సస్పెన్షన్ స్ప్రింగులు) రెండు అంగుళాలు లేపి ఉన్నాయి, హోసులు పాతవే.

---

లేతు మాస్టారు

అయితే చాలవు. ఛాసిస్ పట్టుకుని జాకీతో ఎత్తి, చక్రాలు పూర్తిగా వేలాడనిచ్చి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పండి. ఆ స్థితిలో కూడా హోసు వదులుగా వంగి ఉండాలి, బిగుసుకోకూడదు. టైరుకి, స్ప్రింగుకి రాసుకోకూడదు. వెనక యాక్సిల్ మధ్యలో వచ్చే ఒక్క హోసుని కూడా అలాగే చూడండి, అందరూ మరిచిపోయేది అదే. మార్చేటప్పుడు కాలిపర్ దగ్గర హోసుని బిగించే బాంజో బోల్టుకి రెండు రాగి వాషర్లూ కొత్తవి వేయండి.

బిగించాక మొదటి పరీక్ష ఇంటి ముందే. పెడల్‌ని 50 కేజీల బలంతో, అంటే ఒంటికాలి మీద సగం పైన బరువు వేసి, రెండు నిమిషాలు నొక్కి పట్టండి. పెడల్ జారకూడదు, ఏ కీలు దగ్గరా తడి కనిపించకూడదు. జారింది, బయట మాత్రం ఎక్కడా తడి లేదు అంటే మాస్టర్ లోపల కప్పు వదిలేస్తోంది, వెనక్కి ఇచ్చేయండి. తర్వాత ఖాళీ మైదానంలో 30 వేగంతో పదిసార్లు ప్యాడ్లు పట్టించి, చక్రాలు చల్లారాక మళ్లీ జాకీ మీద చేత్తో తిప్పి చూడండి. ఈసారి తిరగాలి.

ఇంకోటి, పనులు మొదలుపెట్టకముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చే పనులకి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 వర్తిస్తుంది. బిల్లులు, మాస్టర్ మీద పార్ట్ నంబరు ఫొటో తీసి బండి కాగితాలతోపాటే పెట్టుకోండి.